తిరుపతి నుంచి న్యూర్‌బర్గ్‌రింగ్ దాకా: వేగానికి ముందు సన్నాహం

తిరుపతి, సోమవారం

విదేశంలో వేగంగా కారు నడపాలన్న కోరిక ఎంత పాతదైనా, దానికి తొలి మెట్టు ఆర్టీవో కార్యాలయమే. సారథి వెబ్‌సైటులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టి, వెయ్యి రూపాయల రుసుము కట్టి, పాస్‌పోర్టు, వీసా ప్రతులు జతచేసి ఈ ఉదయం సమర్పించాను. ఈ పర్మిట్ గడువు గరిష్ఠంగా ఏడాది. అది మన లైసెన్సుకు బదులుగా పనిచేసేది కాదు, దానికి తోడుగా చూపవలసినది. జర్మన్ భాషలో లేని లైసెన్సుకు అనువాదం జతచేయాలని అక్కడి నియమం కాబట్టి, ఆ పని ఈ చిన్న పుస్తకం చేస్తుంది. అసలు లైసెన్సు ఇంట్లో మరచి పర్మిట్ ఒక్కటే పట్టుకుపోతే కారు అద్దెకిచ్చే చోటనే ప్రయాణం ఆగిపోతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు చాలాకాలంగా రమ్మంటున్నాడు. "మామా, నువ్వొస్తే ఆటోబాన్ మీదే కాదు, న్యూర్‌బర్గ్‌రింగ్ మీద కూడా నడిపిస్తా" అని ఆశ పెట్టిందీ అతడే, షరతులు పెట్టిందీ అతడే. ఆటోబాన్ అంటే జర్మనీ పెద్ద రహదారి, న్యూర్‌బర్గ్‌రింగ్ అంటే అక్కడి కొండల్లోని పాత రేస్ ట్రాక్. టైర్లు, బ్రేకులు వేడెక్కితే ఏమవుతుందో ముందుగా తెలుసుకోవాలి. అద్దం చూడకుండా వరుస మారే అలవాటు పూర్తిగా పోవాలి. నిజమైన రేస్ ట్రాక్ మీద శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కరోజైనా నడపాలి. ఇవి జరగకుండా వస్తే పక్క సీట్లో కూర్చోనని ఖండితంగా చెప్పాడు. మేనమామకు మేనల్లుడు పరీక్ష పెట్టడం మా ఇంట్లో కొత్త గనుక మా ఆవిడ బాగా నవ్వుకుంది.

ఆటోబాన్ గురించి మనవాళ్లలో ఉన్న అపోహ ఒకటి ఇక్కడే తీర్చుకోవడం మంచిది. ఆ రహదారులన్నిటా వేగానికి హద్దు లేదన్నది నిజం కాదు. మొత్తం నిడివిలో సుమారు 70 శాతం మేర శాశ్వతమైన పరిమితి లేదు. మిగిలిన చోట్ల 80, 100, 120 అని పలకలు ఉంటాయి, మరమ్మతులు జరిగే చోట ఇంకా తక్కువ. పరిమితి లేని చోట కూడా 1978 నుంచి గంటకు 130 కిలోమీటర్ల సిఫారసు వేగం అమలులో ఉంది. దానిని దాటడం నేరం కాదు గానీ, ప్రమాదం జరిగితే తప్పు మనది కాకపోయినా నష్టంలో కొంత వాటా మన మీద పడవచ్చునని జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 1992లో తేల్చింది. అంటే వేగంగా వెళ్లే స్వేచ్ఛ ఉంది, దాని ఖర్చు కూడా వెళ్లేవాడిదే.

తిరుపతి, బుధవారం

రేణిగుంట రోడ్డులో నా కారు చూసే మెకానిక్ దగ్గర ఈ రోజు సగం పూట గడిపాను. ఆయన పాతికేళ్లుగా ఘాట్ ఎక్కి దిగే బండ్ల బ్రేకులు చూస్తున్న మనిషి. విషయం చెప్పగానే బానెట్ ఎత్తి బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి చూపించాడు. లోపల ద్రవం తేనెరంగు దాటి కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగింది.

"ఈ ఆయిలు గాల్లో ఉండే చెమ్మ పీల్చుకుంటాది సార్. దిగేటప్పుడు గేరు వాడకుండా బ్రేకు తొక్కతానే వచ్చినోళ్ల బండ్లు నా దగ్గరికి వస్తాయి. పెడలు మెత్తగా లోపలికి పోతాదంటారు. చూస్తే ఆయిలు మార్చి ఏండ్లు గడిచుంటాది" అన్నాడు.

ఆయన చెప్పినదానికి లెక్క ఉంది. డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది; అందుకే పెడలు నేలకు తగిలినా చక్రం పట్టదు. ఘాట్ దిగుడులో నిదానంగా, చాలాసేపు పుట్టే వేడి రేస్ ట్రాక్ మీద కొన్ని సెకన్లలోనే, మళ్లీ మళ్లీ పుడుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి, వందలో ఉన్న కారును ఆపిన బ్రేకు రెండు వందల్లోనూ అలాగే ఆపుతుందని అనుకోవడానికి వీల్లేదు.

టైరు పక్క గోడ మీద కొలతల చివర ఉండే ఒంటి అక్షరాన్ని మనలో చాలామంది చదవరు. అది ఆ టైరు తట్టుకోగల వేగం: టి అంటే 190, హెచ్ అంటే 210, వి అంటే 240, డబ్ల్యు అంటే 270, వై అంటే 300 కిలోమీటర్లు. గాలి తక్కువైన టైరు వేగంలో ఎక్కువగా వంగి వేడెక్కి చీలుతుంది. అందుకే డ్రైవరు తలుపు దగ్గరో పెట్రోలు మూత లోపలో అంటించిన పట్టికలో నిండు బరువుకు, ఎక్కువ వేగానికి వేరే అంకె ఇస్తారు. ఆ అంకెను టైరు చల్లగా ఉన్నప్పుడే చూసి గాలి పట్టాలని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు.

తిరుమల, గురువారం

తెల్లవారుజామునే అలిపిరి తనిఖీ దాటి పైకి వెళ్లాను. ఎక్కడానికి ఒక ఘాట్, దిగడానికి ఒక ఘాట్, రెండూ ఒకే దిశవి. ఎదురుగా వాహనం రాదన్న ధీమా ఉన్నా, లోయ పక్కన పిట్టగోడ, రాతి గుట్ట చాటున కనబడని మలుపు, నీడలో తడి ఆరని తారు, ఏ క్షణమైనా రోడ్డు దాటే జింకలు ఉండనే ఉంటాయి. ఇక్కడ వేగం సాధన చేయరాదు, చేయనివ్వరు కూడా: చీటీ మీద సమయం వేసి, నిర్ణయించిన వ్యవధి కన్నా ముందు చేరినవాడికి జరిమానా వేసే పద్ధతి ఈ కొండకు పాతది. యూరప్‌లో సగటు వేగం కొలిచే కెమెరాలు చేసే పనిని మన కొండ మీద ఒక కాగితపు ముక్క చేస్తోంది.

నేను సాధన చేసింది చూపును. మామూలుగా మన కళ్లు బానెట్ ముందు పది గజాల దగ్గర తిరుగుతుంటాయి. మలుపు మొదలవగానే దాని చివర ఎక్కడ తెరుచుకుంటోందో వెతకడం, బ్రేకు పని మలుపులోకి దిగకముందే తిన్నటి దారిలో ముగించడం, గేరు ముందుగానే తగ్గించి ఇంజన్ బిగువుతో దిగడం, స్టీరింగును ఒక్కసారే తిప్పి మధ్యలో సరిదిద్దకుండా ఉండటం, ఇవన్నీ గంటకు 30 కిలోమీటర్లలో కూడా నేర్చుకోవచ్చు. కొండ దిగేసరికి నా కుడికాలు కన్నా మెడ ఎక్కువ అలసింది. అది మంచి గుర్తేనని మేనల్లుడు ఫోనులో అన్నాడు.

శ్రీకాళహస్తి దారి, శనివారం

నాయుడుపేట వైపు వెళ్లే విశాలమైన దారిలో వరుస క్రమశిక్షణ అలవాటు చేసుకుందామని బయలుదేరాను. మన దేశంలో కార్లకు డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, ఎక్స్‌ప్రెస్ రహదారి మీద 120 కిలోమీటర్ల గరిష్ఠ వేగాలను 2018లో నిర్ణయించారు. వేగం ఉంది, దానికి తగిన నడవడిక లేదు. బరువు లారీ కుడి వరుసలో స్థిరపడుతుంది. దానిని ఎడమ నుంచి దాటక తప్పదు. ఆ ఎడమ వరుసలోనే ఎదురుగా మోటారు సైకిలు వస్తుంది. డివైడరు తెరిచిన చోట గొర్రెల మంద దాటుతుంది. ఇవన్నీ ఎదుర్కొంటూ పెరిగిన మన డ్రైవరుకు ఏమైనా జరగవచ్చునన్న ఎరుక బాగా ఉంటుంది. ఫలానాదే జరుగుతుందన్న నమ్మకం ఉండదు. జర్మనీ రోడ్డు ఈ రెండవ గుణం మీద నిలబడింది. అక్కడ అందరూ కుడివైపు వరుసలో నడవాలి, ఎడమ వరుస దాటడానికే, కుడి నుంచి దాటడం నేరం. ఎక్కడా తటపటాయించకుండా ఆ నియమాన్ని అందరూ పాటిస్తారన్న భరోసాయే అంత వేగాన్ని సాధ్యం చేస్తోందని నా అభిప్రాయం; రోడ్డు నునుపు దాని తరువాతి సంగతి.

అద్దాల సాధన మాత్రం ఇక్కడ కుదిరింది. కొన్ని క్షణాలకు ఒకసారి లోపలి అద్దం, వరుస మారేముందు పక్క అద్దం, ఆపైన భుజం మీదుగా ఒక చూపు, ఆ తరువాతే ఇండికేటరు. పక్కన కూర్చున్న మా అబ్బాయి నేను మరచినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద వేలితో కొట్టాడు. శ్రీకాళహస్తి చేరేసరికి ఆ చప్పుడు బాగా తగ్గింది.

శ్రీపెరుంబుదూర్, ఆదివారం

తిరుపతి వాళ్లకు రేస్ ట్రాక్ దూరమేమీ కాదు. చెన్నై–బెంగళూరు రహదారి పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నిర్మించిన ట్రాక్ 1990 నుంచి నడుస్తోంది. పూర్తి చుట్టు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. ఫార్ములా వన్ దాకా వెళ్లిన నరేన్ కార్తికేయన్, కరుణ్ చంధోక్ వంటి దక్షిణాది కుర్రవాళ్లు రాటుదేలిన నేల ఇది.

పొద్దున మొదటి గంట కారు కదలనే లేదు. సీటు సర్దడానికే అంత సమయం తీసుకున్నారు. భుజాలు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైభాగాన ఆనాలి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెల దగ్గర ఉండాలి. కుర్చీలో వెనక్కి వాలి ఒక చేత్తో నడిపే నా పాత భంగిమను శిక్షకుడు చూసి, మర్యాదగా ఏమీ అనకుండా సీటును నాలుగు గాట్లు ముందుకు జరిపాడు.

ఆ తరువాత జెండాలు. పసుపు కనబడితే ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, దాటవద్దు. నీలం కనబడితే వెనుక వేగంగా వచ్చేవాడికి దారి ఇవ్వు. ఎరుపు కనబడితే అందరూ నెమ్మదించి లోపలికి రావాలి. నలుపు కనబడితే నువ్వు ఒక్కడివే రావాలి. జెండా ఊపేవాడు ఎక్కడ నిలబడతాడో ప్రతి మలుపు దగ్గరా చూపించాకే ట్రాక్ మీదికి వదిలారు.

తిన్నటి దారి చివర దూరం పలకల దగ్గర బ్రేకు వేయడం రోజంతటిలో అన్నిటికన్నా కష్టమైన పాఠం. మన రోడ్ల మీద బ్రేకును మెల్లగా మొదలుపెట్టి గట్టిగా ముగిస్తాం. ఇక్కడ తిరగేసి చేయాలి: మొదట పూర్తి బలంతో నొక్కి, కారు ముక్కు కిందికి వంగి ముందు టైర్ల మీద బరువు పడ్డాక, మలుపు దగ్గర పడుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా వదలాలి. టైరుకు పట్టు ఒక హద్దు వరకే ఉంటుంది. బ్రేకుకు ఎక్కువ వాడితే స్టీరింగుకు తక్కువ మిగులుతుంది, రెండిటినీ ఒకేసారి పూర్తిగా అడిగితే రెండూ ఇవ్వదు. నెల జీతం ఒకటే, ఖర్చులు రెండు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. మధ్యాహ్నానికి టైర్ల నుంచి కాలిన రబ్బరు వాసన, బ్రేకుల నుంచి మసి వాసన కలిసి వచ్చాయి. ప్రతి విడత చివర ఒక చుట్టు బ్రేకు పెద్దగా వాడకుండా తిరిగి, లోపలికి వచ్చాక చేతి బ్రేకు వేయకుండా గేరులో ఉంచి ఆపమన్నారు. వేడెక్కిన డిస్కును ప్యాడు ఒకే చోట పట్టుకుని ఉండకూడదు.

వీడియో ఆటల్లో ఉండే నోర్డ్‌ష్లైఫ, అంటే న్యూర్‌బర్గ్‌రింగ్‌లోని పాత పొడవైన చుట్టు, గురించి కూడా శిక్షకుణ్ణి అడిగాను. లేజర్‌తో కొలిచి తయారుచేసిన ట్రాకులు మలుపుల క్రమం నేర్చుకోవడానికి బాగా పనికొస్తాయనీ, భయం మాత్రం నేర్పవనీ చెప్పాడు. ఆ తరువాతి వారమంతా ప్రతి రాత్రీ మా అబ్బాయి వీడియో ఆట స్టీరింగు ముందు కూర్చుని మలుపుల పేర్లు వల్లె వేశాను. చెన్నై నుంచి బయలుదేరిన విమానంలోనూ అదే పని.

ఫ్రాంక్‌ఫర్ట్, మంగళవారం

విమానాశ్రయంలోనే కారు తీసుకున్నాం. స్టీరింగు ఎడమవైపు, రోడ్డుకు కుడివైపున నడపడం, రెండూ ఒకేసారి కొత్త కాబట్టి గేర్ల బాధ లేని ఆటోమేటిక్ కారు ఎంచుకోవడం మంచిదైంది. డిక్కీలో ముక్కోణపు హెచ్చరిక పలక, ప్రథమ చికిత్స పెట్టె, మెరిసే చొక్కా ఉన్నాయా అని మేనల్లుడు ముందుగా చూశాడు. ఈ మూడూ కారులో ఉండాలన్నది అక్కడి చట్టం. టైరు మీద వి అక్షరం కనబడింది. ఒప్పందం కాగితంలో ఒక వాక్యాన్ని వేలితో చూపించాడు: ఈ కారును రేస్ ట్రాకుల మీద, పర్యాటకులకు తెరిచిన నోర్డ్‌ష్లైఫ మీద కూడా నడపరాదు. మామూలు అద్దె కారుతో అక్కడ అడుగుపెడితే బీమా చెల్లదు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డార్మ్‌స్టాట్ వైపు వెళ్లే ఏ5 రహదారి మీద, మోర్‌ఫెల్డెన్ సమీపంలో రేసు డ్రైవరు బెర్న్‌డ్ రోజ్‌మేయర్ స్మారక రాయి ఉంది. 1938 జనవరి 28న ఈ దారిలో రుడాల్ఫ్ కరాచియోలా మెర్సిడెస్ కారులో గంటకు 432 కిలోమీటర్లు దాటి రికార్డు పెట్టాడు; అదే రోజు దానిని మించాలని ఆటో యూనియన్ కారులో బయలుదేరిన రోజ్‌మేయర్ ప్రాణం పోగొట్టుకున్నాడు. పక్క గాలి విసురుకు కారు అదుపు తప్పిందని చెబుతారు. రెండేళ్ల ముందు న్యూర్‌బర్గ్‌రింగ్ పొగమంచులో అందరినీ దాటి గెలిచిన మనిషి అతడు. ప్రజలు వాడే రహదారి మీద కరాచియోలా వేగం 2017 దాకా చెక్కుచెదరలేదు. చుట్టూ చెట్లు, అవతల లారీల హోరు తప్ప అక్కడ చూడటానికి ఏమీ లేదు, అయినా పక్క గాలి గురించి ఎవరూ ఇంతకన్నా బాగా చెప్పలేరు.

ఏ3, ఏ48, ఏ61 రహదారులు, బుధవారం

న్యూర్‌బర్గ్ దాకా నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. ఏ3 మీదికి చేరే పక్క దారి చివరిదాకా కారును వేగం పెంచుతూ పోవాలని మేనల్లుడు ముందే చెప్పాడు. మన ఊళ్లో పెద్ద రోడ్డెక్కే ముందు ఆగి చూడటం వివేకం. ఇక్కడ ఆ కలిసే వరుసలో ఆగడం అందరికీ ప్రమాదం. లారీలు 80 దాటకూడదన్నది చట్టం, అవి ఆ అంకెకు అటూ ఇటూగా బారులు తీరి వెళుతుంటాయి కాబట్టి, కనీసం వాటి వేగమైనా అందుకుని మధ్యలోకి చేరాలి.

మొదటి అరగంటలో నాకు తెలిసింది ఏమిటంటే, వేగం ముందున్న అద్దంలోంచి కాక వెనుక చూపించే అద్దంలోంచి వస్తుంది. తెల్ల వృత్తంలో అడ్డగీతలున్న పలక కనబడగానే పరిమితులన్నీ ముగిసినట్టు. నేను 130లో ఉన్నాను. ముందు లారీ 85లో ఉంది. దానిని దాటాలంటే వెనుక ఖాళీ, లారీ పొడవు, ముందు ఖాళీ కలిపి సుమారు 120 మీటర్లు ఎక్కువగా పోవాలి. మా వేగాల తేడా సెకనుకు పన్నెండున్నర మీటర్లు కాబట్టి దాదాపు పది సెకన్లు ఎడమ వరుసలో ఉండాలి. వెనుక 300 మీటర్ల దూరంలో ఒక కారు 220లో వస్తోందనుకుంటే, నా దగ్గరకు చేరడానికి దానికి పన్నెండు సెకన్లే పడుతుంది. అద్దంలో 300 మీటర్ల దూరపు కారు చిన్న చుక్క. "చుక్క కనబడితే ఆగు మామా, చుక్క పెద్దదవుతుంటే అసలే కదలొద్దు" అన్నది మేనల్లుడి సూత్రం. అద్దం ఒకసారి చూస్తే వాహనం ఉందని మాత్రమే తెలుస్తుంది. రెండుసార్లు చూస్తేనే దాని వేగం తెలుస్తుంది. శ్రీకాళహస్తి దారిలో మా అబ్బాయి డ్యాష్‌బోర్డు మీద కొట్టిన దెబ్బలన్నీ ఇక్కడ పనికొచ్చాయి.

దూరానికి అక్కడ అందరికీ తెలిసిన కొలత ఒకటుంది: స్పీడోమీటరులో ఉన్న అంకెలో సగం, మీటర్లలో. 130లో పోతుంటే ముందు కారుకు 65 మీటర్లు. రోడ్డు పక్క తెల్ల కంబాలు సాధారణంగా 50 మీటర్లకు ఒకటి ఉంటాయి కాబట్టి కళ్లతోనే కొలవచ్చు. ఆగే దూరానికి డ్రైవింగ్ బడుల్లో నేర్పే లెక్క ప్రకారం 130లో మనిషి తేరుకునేలోగా 39 మీటర్లు, మామూలు బ్రేకుకు 169 మీటర్లు పోతాయి, మొత్తం 208. వేగం 200కు పెంచితే అదే లెక్కలో 460 మీటర్లవుతుంది. మలుపు అవతల అంత దూరం కనబడకపోతే ఆ వేగం నీది కాదు.

ఏ48 మీద బెండోర్ఫ్ వంతెన రైన్ నదిని దాటిస్తుంది. గాలి అక్కడ కారును పక్కకు తోసింది, నిన్నటి స్మారక రాయి గుర్తుకొచ్చింది. ఏ61 మీద ఖాళీ దొరికిన ఒక పొడవైన భాగంలో మేనల్లుడు సరేనన్నాక 180 దాకా వెళ్లాను. ఇంజన్ చప్పుడు కన్నా గాలి చప్పుడు పెరిగింది. పెట్రోలు ముల్లు కళ్లముందే దిగింది: గాలి అడ్డగింత వేగపు వర్గంతో పెరుగుతుంది, దానిని గెలవడానికి కావలసిన శక్తి ఘనంతో పెరుగుతుంది కాబట్టి, వంద నుంచి రెండు వందలకు పోతే గాలితో పోరాటానికే ఎనిమిదింతల శక్తి కావాలి. ఆటోబాన్ మీద పెట్రోలు అయిపోయి ఆగితే అది కూడా జరిమానాకు తగిన తప్పే. పెట్రోలు అయిపోతుందని ముందే తెలుస్తుంది గదా అన్నది వాళ్ల వాదం. వాదం బాగుంది.

వేర్ అనే ఊరి దగ్గర ఆటోబాన్ దిగాక ఒక విచిత్రమైన స్థితి. చిన్న రోడ్డు మీద 70 పలక చూసి వేగం తగ్గించాననుకున్నాను, మీటరు చూస్తే ఇంకా 95. చాలాసేపు వేగంలో ఉన్న కళ్లు తక్కువ వేగాన్ని కొలవలేవు. దిగిన తరువాతి పది నిమిషాలు మీటరునే నమ్మాలని మేనల్లుడు గుర్తుచేశాడు.

న్యూర్‌బర్గ్, గురువారం

ఐఫెల్ కొండల్లో, పాత కోట చుట్టూ అడవిలో తిరిగే ఈ దారిని 1925–27 మధ్య నిర్మించారు. పేద జిల్లా అయిన అడెనావ్ ప్రాంతంలో పనిలేనివాళ్లకు ఉపాధి చూపడం దాని ఉద్దేశాలలో ఒకటి. నోర్డ్‌ష్లైఫ ఒక్క చుట్టు 20.8 కిలోమీటర్లు, ఎత్తుపల్లాల మధ్య తేడా సుమారు 300 మీటర్లు. ఒకే దిశలో సాగే కొండ దారి, దాదాపు మన ఘాట్ అంత పొడవు. తిరుపతి మనిషికి మొదటి చూపులో పరిచయమైనదిలా అనిపించి మోసం చేస్తుంది. 1976 ఆగస్టు 1న బెర్గ్‌వెర్క్ మలుపుకు ముందు రేసు డ్రైవరు నికి లౌడా కారు మంటల్లో చిక్కుకున్న తరువాత ఫార్ములా వన్ ఈ నోర్డ్‌ష్లైఫకు తిరిగి రాలేదు. 2018లో టిమో బెర్న్‌హార్డ్ ఒక పోర్షె రేసు కారుతో ఈ చుట్టును 5 నిమిషాల 19.5 సెకన్లలో ముగించాడు.

సాయంత్రం బ్రున్షెన్ మలుపు దగ్గర కంచె ఇవతల నిలబడి చూశాం. ఖరీదైన కార్ల మధ్య పాత కుటుంబపు కార్లు, వెనుక సీట్లో పిల్లల బొమ్మలతో సహా. పర్యాటకుల వేళల్లో ఇది చట్టపరంగా రుసుము కట్టి నడిచే ఒన్‌వే రోడ్డు. అందుకే మామూలు రోడ్డు చట్టమే వర్తిస్తుంది. ఎడమ నుంచే దాటాలి, వెనుక వేగంగా వచ్చేవాడికి కుడి ఇండికేటరు వేసి దారి ఇవ్వాలి, సమయం కొలవడం నిషిద్ధం. కంచెను గుద్దితే దాని మరమ్మతు, లాగే వాహనం, అన్నీ డ్రైవరు ఖాతాలోనే.

న్యూర్‌బర్గ్, శుక్రవారం

ఈ ట్రాక్ కోసమే కార్లు అద్దెకిచ్చే సంస్థలు ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్నాయి. మేం తీసుకున్నది సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్. మన వీధి చివర కూడా కనబడే బండి పేరే అయినా, లోపల వెనుక సీట్ల స్థానంలో ఉక్కు పంజరం, ఒంటిని పట్టి ఉంచే సీట్లు, గట్టి బ్రేకు ప్యాడ్లు. వాళ్లు ఇచ్చిన ముందస్తు పాఠం దాదాపు గంట సాగింది, అందులో వేగం గురించి ఒక్క మాట లేదు. అద్దాల గురించి చాలా ఉంది. ఏదైనా పాడైతే ట్రాక్ మీద ఉండిపోవద్దు, హెచ్చరిక దీపాలు వేసి కుడి అంచుకు చేర్చి కంచె అవతలికి దూకి అక్కడి నుంచి ఫోను చేయాలి.

గేటు లేచింది. హాట్సెన్‌బాఖ్ వంకరలు దాటాక ఫ్లుగ్‌ప్లాట్స్ గట్టు వస్తుంది. గట్టు ఎక్కుతున్నప్పుడు ముందు ఆకాశమే కనబడుతుంది, అవతల దారి కుడికి వంగుతుందని తెలిసినవాడే అక్కడ స్టీరింగు ముందుగా సిద్ధం చేసుకోగలడు. మా అబ్బాయి స్టీరింగు ముందు వల్లె వేసినదంతా ఆ ఒక్క గట్టుకే చెల్లింది. ఫుక్స్‌రోర పల్లంలో శరీరం సీటులోకి కుంగి, పొట్ట ఆలస్యంగా వెంట వచ్చింది. దాని వెంటనే ఉన్న అడెనావర్ ఫోర్స్ట్ కోసం అక్కడే వేగం తగ్గించాలి. ఎంతోమంది ఆలస్యమై పచ్చికలోకి పోయేది అక్కడేనని నిన్న అందరూ చెప్పారు. బ్రైడ్‌షైడ్ దగ్గర దారి అట్టడుగుకు దిగి, తరువాత చాలాదూరం ఎక్కుతూనే ఉంటుంది. కరాచియోలా పేరు పెట్టుకున్న కారుసెల్‌లో చక్రాలు సిమెంటు పలకల వాలులోకి దిగగానే పళ్లు గడగడలాడాయి, స్టీరింగు చేతుల్లో కొట్టుకుంది.

మధ్యలో పదే పదే ఎవరో ఒకరు వెనుక నుంచి వచ్చారు. కుడి ఇండికేటరు, కుడి అంచు, కాలు తేలిక, అతడు దాటాడు. ఒక బాడుగ వ్యాను ఆకారపు కారు కూడా నన్ను దాటింది. అందులోని ఆవిడ చేయి ఊపింది. ఎదురు చెప్పడానికి ఏముంది. రెండోసారి వెళ్లినప్పుడు ప్ఫ్లాంట్స్‌గార్టెన్ దగ్గర చిరుజల్లు మొదలైంది, మిగతా ట్రాక్ అంతా పొడిగా ఉంది. ఐఫెల్ వాతావరణం అంతేనట. మేనల్లుడు "చాలు మామా" అనకముందే నేను నిదానించాను. డోటింగర్ హోహ పొడవాటి తిన్నటి దారిలో అందరూ యాక్సిలరేటరు నొక్కే చోట బ్రేకులు చల్లారనిస్తూ గేటు దాకా వచ్చి, లోపల చేతి బ్రేకు వేయకుండా ఆపాను.

ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో, శనివారం

తిరుగు దారిలో లింబర్గ్ సమీపాన ఏ3 మీద వాహనాలు నెమ్మదించాయి. పూర్తిగా ఆగకముందే ఎడమ వరుసలోని కార్లన్నీ ఎడమ అంచుకు, మిగతావన్నీ కుడి అంచుకు జరిగిపోయి, నడుమ ఖాళీ దారి ఏర్పడింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ హారన్ కొట్టలేదు. కొద్దిసేపటికి అంబులెన్సు, దాని వెనుక లాగే వాహనం ఆ ఖాళీలోంచి వేగం తగ్గించకుండానే వెళ్లిపోయాయి. ఈ దారి వదలకపోతే కనీసం 200 యూరోల జరిమానా ఉంది, నిజమే. కానీ ఆ రోజు నేను చూసినవాళ్లెవరి ముఖంలోనూ జరిమానా భయం కనబడలేదు. చిత్తూరు బైపాస్ మీద లారీ బోల్తాపడ్డప్పుడు అంబులెన్సు ముందు మోటారు సైకిళ్లు దూరడం చూసినవాణ్ణి గనుక, నేను పక్కకు జరిపిన కారును మళ్లీ ఒకసారి దిగి చూడాలనిపించింది. మేనల్లుడు దిగనివ్వలేదు, ఆటోబాన్ మీద నడవడం కూడా నిషిద్ధమట.

లింబర్గ్‌కు ముందు ఎల్జ్ కొండ దిగుడులో కార్లకు 100 పరిమితి, దానికి కాపలాగా కెమెరాలు. అవి దాటాక మళ్లీ 130. విమానాశ్రయం ముందరి బంకులో ట్యాంకు నింపి కారు అప్పగిస్తే, అక్కడి ఉద్యోగి చక్రాల అంచులు, టైర్ల గీతలు చూసి సంతకం పెట్టాడు. శ్రీపెరుంబుదూర్‌లో వచ్చే శిక్షణ రోజు ఎప్పుడో కనుక్కోమని మా అబ్బాయికి సందేశం పంపి విమానం వైపు నడిచాను.